శిలువ తీసి దాచిన రోజు

రెవిన్యూ ఇన్‌స్పెక్టరు ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. "మీ అమ్మాయి కులం సర్టిఫికెట్ విషయం. రేపు పొద్దున మీ ఇంటికొచ్చి చూస్తాను" అని తమిళంలో చెప్పి పెట్టేశాడు. ఇంటికొచ్చి ఏం చూస్తాడు?

మాది మద్రాసులో తిరువొత్తియూరు. మా తాత నెల్లూరు వైపు నుంచి మద్రాసు వీధులు ఊడ్చే పనికి వచ్చాడు. ఇక్కడికొచ్చాకే ఇంటిల్లిపాదీ ఒక తెలుగు చర్చిలో బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటినుంచీ ఆదివారం తప్పకుండా చర్చికి వెళతాం. కాగితాల్లో మాత్రం మేం హిందువులం. షెడ్యూల్డ్ కులంవాళ్లు క్రైస్తవులైతే ఆ కులానికి దక్కే రిజర్వేషన్ పోతుంది. చట్టం అలా ఉంది. అందుకే నన్ను బడిలో వేసినప్పుడు మా నాన్న మతం దగ్గర హిందూ అని రాయించాడు. ఆ కాగితంతోనే చదివాను. ఆ కాగితంతోనే ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. మా చర్చిలో చాలా ఇళ్లలో ఇదే కథ, కానీ ఎవరూ పైకి మాట్లాడరు. దేవుడు కాగితాలు చూడడని ఒకసారి పాస్టరుగారు అన్నారు. ఆ మాట పట్టుకుని నేను చాలా ఏళ్లు నిశ్చింతగా బతికాను.

ఈ మధ్యనే ఆ నిశ్చింత పోయింది. టీవీలో మతమార్పిడి మీద చర్చ వస్తే మావారు సౌండు తగ్గించేవారు. ఇలాంటి సర్టిఫికెట్లన్నీ మోసమని అందులో ఎవరో అరుస్తుంటే నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. చర్చి గుమ్మంలో చెప్పులు విడిచేటప్పుడు వీధిలోకి ఒకసారి చూసుకోవడం అలవాటైంది. సరిగ్గా అప్పుడే పాప ప్లస్ టూ పాసై నర్సింగుకు దరఖాస్తు పెట్టింది. చిన్నప్పుడు తీసిన సర్టిఫికెట్ వరద నీళ్లలో నానిపోయింది కాబట్టి కొత్తది అడగాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులైనా సరిగా విడవకుండా గోడమీది శిలువ తీశాను. బైబిలు వాక్యాల క్యాలెండరు చుట్టేశాను. మావారు బైబిళ్లు గోతాంలో పెట్టి, బియ్యం డ్రమ్ము వెనక దాచారు. మంచం మీద కూర్చున్న మా అమ్మ అంతా చూస్తూ ఉంది. ఆమె కూడా వీధులు ఊడ్చే పని చేసే రిటైరైంది.

"ఏందిమే, ఇంటికి సున్నం కొట్టిస్తా ఉండారా?" అంది.

"రేపు ఆఫీసరు వస్తా ఉండాడమ్మా. పాప సర్టిఫికెట్ కోసరం."

"వస్తే?"

గోడ మరీ బోసిగా ఉంది. అదే పట్టించేస్తుందనిపించి ఎదురింటి తమిళక్క దగ్గరికి పోయి మురుగన్ పటం ఒకటి అడిగాను. ఆమెకు మా సంగతి తెలుసు. పటం కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. "స్వామిని ఊరికే వేలాడదీయకూడదు. ఒక దీపమైనా పెట్టు" అంది. ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. జాలిగా చూసింది. ఆమె దేవుణ్ణీ నా దేవుణ్ణీ ఇద్దర్నీ ఒకేసారి అవమానిస్తున్నానని తెలిసే పటం తెచ్చి తగిలించాను.

ఇన్‌స్పెక్టరు తొమ్మిదింటికి వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, హెల్మెట్ ఒత్తుకుని నుదుటిమీద గీత పడింది. మంచినీళ్లు తాగి, గోడలు చూసి, ఫైలు తెరిచాడు. "గుడికి వెళతారా?" అని నన్నడిగాడు. "వెళతాం" అన్నాను. మావారు నేల చూస్తున్నారు. పాప తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

అతను మా అమ్మ వైపు తిరిగి, తమిళంలో అవ్వను పిలిచినట్టు, "పాట్టీ, నీవు?" అన్నాడు.

"నేను చర్చికి పోతాను సారూ" అంది అమ్మ తనకొచ్చిన తమిళంలో.

అతని పెన్ను కదల్లేదు. "ముసలిదానివి, బాగా ఆలోచించుకుని చెప్పు" అన్నాడు. అమ్మకు అతనిచ్చిన అవకాశమది.

"ఆలోచించే చెప్తా ఉండా. నా చేతికి చీపురిచ్చినప్పుడు నీది ఏ దేవుడని ఎవురూ అడగలా. ఇప్పుడు నువ్వడిగితివి, చెప్తిని. రాసుకో."

అతను ఏమీ రాయలేదు. నన్ను మళ్లీ ఏదీ అడగలేదు. ఫైలు మూసి లేస్తూ, "ఈ దరఖాస్తు వెనక్కి తీసుకోండి. క్రైస్తవులని రాసి బీసీ కింద పెట్టుకోండి. ఇంతకుమించి నేను దేన్నీ తవ్వను" అన్నాడు. బండి వీధి మలుపు తిరిగేదాకా ఎవరం కదల్లేదు.

తర్వాత అమ్మ మీద అరిచాను. "నా ఉద్యోగం కూడా ఆ కాగితం మీదే ఉండాదని నీకు తెలీదా?"

"తెలుసు. నాకూ బయంగానే ఉండాది."

"మరి యేల చెప్పితివి?"

"అబద్దం నోటికి రాలేదే."

నాకు వచ్చింది. ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ తలుచుకుంటూ ఉంటాను.

పాపకు బీసీ సర్టిఫికెట్ వచ్చింది. ఆ కోటా పోటీలో ప్రభుత్వ నర్సింగు కాలేజీ సీటు రాలేదు. ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చదువుతోంది. వాళ్ల అవ్వ మీద దానికి కోపం లేదు. ఒకరోజు జడ వేయించుకుంటూ మాత్రం, "అవ్వ చెప్పింది కరెక్టే. నాకు సీటు పోయిందీ కరెక్టే. రెంటికీ నేను ఏడవకూడదా అమ్మా?" అంది. ఏడువు అన్నాను. ఇద్దరం ఏడ్చాం.

పోయిన నెల మా ఆఫీసులో కులం, మతం రాసి ఉండే సర్వీసు రిజిస్టర్లు అందరివీ తనిఖీకి పంపాలన్నారు. మామూలుగా జరిగేదేనని పక్క సీటాయన అంటాడు. ఎవరైనా తెలియనివాళ్లు ఫైలు పట్టుకుని గదిలోకి వస్తే నా వేళ్లు కీబోర్డు మీద ఆగిపోతాయి. మావారికి కూడా ఈ సంగతి ఇంకా చెప్పలేదు. చర్చిలో మోకాళ్ల మీద కూర్చుంటాను. నిజం బయటికి రావాలని అడిగే ధైర్యం లేదు. రాకూడదని దేవుణ్ణే అడగడానికి సిగ్గు. చుట్టూ ఉన్నవాళ్లు ప్రార్థన ముగించి లేచేదాకా ఏమీ అడగకుండా కళ్లు మూసుకుని ఉంటాను.