మేకుకు వేలాడిన చీర గార్డు

రత్నమాల దుకాణంలో కుట్టుమిషన్‌కు ఎదురుగా గోడకు ఒక మేకు ఉండేది. రెండేళ్లపాటు దానికి రెండు వస్తువులు వేలాడాయి. ఒకటి చిరిగిన కాన్వాసు సంచి. రెండోది చీర గార్డు. మోటార్‌సైకిల్ మీద వెనక కూర్చున్న ఆడవాళ్ల కొంగు చక్రంలో పడకుండా ఎడమ పక్కన బిగిస్తారే, ఆ ఇనుప చట్రం. పొద్దున షట్టర్ ఎత్తగానే దేవుడి పటం కన్నా ముందు ఆమె చూపు వాటి మీదికే పోయేది. శ్రీపతి అనే మనిషిని ఒకసారి మనసారా తిట్టుకుని, ఆ తర్వాతే అగరొత్తి వెలిగించేది.

చిక్కడపల్లిలో లైబ్రరీకి దగ్గర సందులో ఆ దుకాణం. ఆమె తండ్రి పోచయ్య అక్కడే రిక్షాలకు టాపులు కుట్టేవాడు. రిక్షాలు పోయి స్కూటర్లు వచ్చాయి, రత్నమాల సీటు కవర్లు కుట్టింది. భర్త తిమ్మప్పకు నారాయణగూడలో ప్రెస్సు పని. 2009లో బండి మీద దూరాలు తిరిగే ఒక ఇంజనీరు వచ్చి, సీటు మీద అడ్డంగా వేస్తే రెండు పక్కలా వేలాడే జంట సంచులు కావాలన్నాడు. ఆమె లారీ పరదా గుడ్డతో రెండు వరసల కుట్టు వేసి ఇచ్చింది. అవి అతనితో గోవా వెళ్లి చెక్కుచెదరకుండా తిరిగొచ్చాయి. ఆ మాట పాకింది.

సంచి కుట్టి ఇచ్చి చేతులు దులుపుకునే రకం కాదు రత్నమాల. సామాను మొత్తం తన ముందే నింపాలి. నింపాక రెండు సంచులనూ కొక్కెం కాంటాకు తగిలించి తూచేది. రెండింటికీ కిలో కంటే ఎక్కువ తేడా ఉంటే మళ్లీ దింపాల్సిందే. పనిముట్లు, డబ్బాలు అడుగున, బట్టలు పైన. సైలెన్సర్‌కు, సంచికి మధ్య నాలుగు వేళ్ల సందు. బెల్టు కొసలు మడిచి లోపలికి దోపాలి, లేకపోతే చైన్ వాటిని లాగేస్తుంది. సీటు వెనక తోక మీద మాత్రం దుప్పటి లాంటి తేలిక వస్తువులే. "తోక మీద బరువు పెడితే ముందు చక్రం తేలుతది. హ్యాండిల్ నీ మాట వినదు తమ్మీ," అనేది. కట్టాక బండిని రెండు చేతులతో పట్టి ఊపేది. అశోక్‌నగర్ దాకా రెండు చక్కర్లు కొట్టి రమ్మనేది. తిరిగొచ్చేసరికి సామాను సర్దుకుని బెల్టులు వదులవుతాయి కదా, అప్పుడు మళ్లీ బిగించేది. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా కిక్కురుమనకుండా ఆమె చెప్పినట్టు చేసేవాళ్లు.

అలా బండ్ల మీద దూరాలు తిరిగే గుంపుకు శ్రీపతి నాయకుడు. హిమాయత్‌నగర్‌లో టైల్స్ దుకాణం, అశోక్‌నగర్‌లో ఇల్లు, ఆదివారం వస్తే తోలు జాకెట్టు. 2011 డిసెంబరులో శ్రీశైలం వెళ్లేముందు తన బండికి సంచులు వేయించుకోవడానికి వచ్చాడు. ఆ రోజే చీర గార్డు ఊడదీసి ఆమె దుకాణంలో మూలకు పడేశాడు.

"గిదేంది తమ్మీ? గార్డు లేకుంటే సంచి చక్రంలకు పోతది," అంది రత్నమాల.

"గార్డుంటే ఫ్యామిలీ బండి లెక్క కనిపిస్తదక్కా. నారాయణగూడల మెకానిక్ దగ్గర దాని జాగల సన్న రాడ్డు ఏపిస్తున్న. పరేషాన్ కాకు," అన్నాడు శ్రీపతి.

ఆమె నమ్మింది. నమ్మి సంచులు కట్టి ఇచ్చింది. జీవితంలో చేసిన తప్పుల్లో అదే పెద్దదని ఆమె ఇప్పటికీ అంటుంది.

రాడ్డూ లేదు, గీడ్డూ లేదు. ఘాట్ రోడ్డు మలుపులో ఎడమ సంచి ఊగి వెనక చక్రంలోకి దూరింది. చక్రం బిగుసుకుపోయి బండి పడింది. శ్రీపతికి గీతలు. వెనక కూర్చున్న గుంపులోని కుర్రాడు అఖిల్‌కు మెడ పక్క ఎముక విరిగి మూడు నెలలు మంచం.

తర్వాతి ఆదివారం శ్రీపతి పదిమందిని వెంటబెట్టుకుని వచ్చి, చిరిగిన సంచిని ఆమె మిషన్ మీదికి విసిరాడు. "నీ కుట్టు ఊడింది. మా పోరడు సచ్చిపోతుండె," అన్నాడు. కుట్టు చూడమని ఆమె బతిమాలింది, ఎవరూ చూడలేదు. గార్డు తీసేశాడని చెప్పింది. అతను బయట నిలబెట్టిన బండిని చూపించాడు. దానికి కొత్త గార్డు మెరిసిపోతోంది. మూలన ఉన్న పాత గార్డు తెచ్చి చూపిస్తే, "అసొంటివి ఏ దుకాణంల చూసినా ఉంటయ్," అని నవ్వాడు. పదిమందీ నవ్వారు. ఆ రాత్రే వాళ్ల ఇంటర్నెట్ గుంపులో ఆమె పేరు, దుకాణం ఫోటో పెట్టి, అక్కడికి ఎవరూ వెళ్లొద్దని రాశాడు.

ఎవరూ రాలేదు. లారీ పరదా గుడ్డ కుట్టిన చేతులతో రత్నమాల బడి సంచులకు జిప్పులు మార్చింది. తిండికి లోటు రాలేదు, కానీ పోయింది పేరు. పోచయ్య కూతురి కుట్టు ఊడిందట అని ఆ సందులో నలుగురూ అనుకోవడం ఆమెకు కడుపులో మంట. ఆ మంట ఆరకుండా ఉండాలనే సంచినీ గార్డునూ కళ్లెదురుగా తగిలించుకుంది. క్షమించమని తిమ్మప్ప చెప్పి చూశాడు. "నా చేతిని అబద్ధం చేసిండు. సచ్చేదాక ఇడువ," అంది. అతను ఇక ఆ ఊసెత్తలేదు.

రెండేళ్లు తిరిగి మళ్లీ డిసెంబరు వచ్చింది. ఒక శనివారం మధ్యాహ్నం ముప్ఫై దాటిన ఒక ఇల్లాలు దుకాణం మెట్టెక్కి, కాస్త బెరుకుగా నిలబడింది.

"అక్కా, రేపు మేం బండి మీద కన్యాకుమారి పోతున్నం. నిన్న సామాను కట్టి చూస్తే బండి ఊగుతున్నది. జర మీరొచ్చి చూస్తరా?"

"నా గురించి ఎవరు చెప్పిన్రమ్మా?"

"మా ఆయనే. మీ కుట్టు మంచిగుండదంటడు. గాని సామాను కట్టుడు మీ లెక్క ఎవరికి రాదని గూడ ఆయనే అంటడు. నేను వచ్చినట్టు ఆయనకు తెల్వదు. నేను శ్రీపతి భార్యను, విజయశ్రీని."

రత్నమాల కత్తెర పక్కన పెట్టింది. ఒకే ఒక్క మాట అడిగింది. "బండికి గార్డున్నదా?"

"నిన్ననే తీసేసిండు. ఫోటోలల్ల మంచిగ కనిపిస్తలేదంట."

ఇక్కడ రత్నమాలను మంచిదాన్ని చేసి చెప్పడం అబద్ధమవుతుంది. ఆ క్షణంలో ఆమె మనసులో మెదిలింది ఒకటే మాట: పడనీ. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. ఏ మలుపులోనో చక్రమే తీర్పు చెబుతుంది. ఈసారి కుట్టు తనది కాదు కాబట్టి ఎవరి మీద తోస్తాడో చూడొచ్చు. ఆ ఊహ ఆమెకు నిజంగానే తియ్యగా తగిలింది. కానీ వెనక సీట్లో కూర్చునేది ఎదురుగా నిలబడ్డ ఈ పిల్ల. పోయినసారి కూడా వాడు గీతలతో బయటపడ్డాడు, ఎముక విరిగింది వెనకవాడికే. తన పగ వేరొకరి మీద పడితే అది పగ తీరినట్టు కాదు.

ఆమె ఇంకా ఏమీ అనకముందే విజయశ్రీ గోడ దగ్గరికి నడిచింది. గార్డు కింది కడ్డీకి చుట్టి ఉన్న పసుపుపచ్చ గుడ్డను వేళ్లతో తడిమింది.

"ఇది మీ దగ్గరికెట్ల వచ్చింది? ఈ అంచు నా పోచంపల్లి చీరది. కాలు పెడితే చెప్పు జారుతున్నదని నేనే చుట్టి కుట్టిన. గార్డును దొంగలెత్కపోయిన్రని చెప్పిండు నాకు."

రత్నమాల స్టూలు జరిపి ఆమెను కూర్చోబెట్టింది. శ్రీశైలం సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. అఖిల్ మంచాన పడ్డ మూడు నెలలూ విజయశ్రీ రోజూ అతనికి క్యారియర్ కట్టి పంపింది. "రేపు పొద్దున ఆరింటికి మా ఇంటి ముందు అందరు ఉంటరు. ఇవన్నీ పట్టుకొని రాండ్రి," అని లేచింది.

ఆదివారం ఆరింటికి అశోక్‌నగర్‌లో ఎనిమిది బండ్లు వరసగా నిలబడ్డాయి. కొబ్బరికాయ కొట్టడం అయింది, టీలు నడుస్తున్నాయి. సంచి, గార్డు, కాంటా, స్పానర్ పట్టుకుని రత్నమాల వచ్చి శ్రీపతి బండి పక్కన నిలబడింది.

"నువ్వెందుకొచ్చినవ్?" అన్నాడు శ్రీపతి.

"నేనే పిలిచిన," అంది విజయశ్రీ. "అక్క చూసి సరే అనేదాక నేను బండెక్క."

అందరి ముందూ కాదనలేకపోయాడు. రత్నమాల కాంటా తీసింది. ఎడమ సంచి పదమూడు కిలోలు, కుడిది ఏడు. తోక మీద గ్యాసు స్టవ్వు, దాని మీద టెంటు.

"అన్నీ దింపున్రి శ్రీపతి గారు," అంది. ఒకప్పుడు తమ్మీ అని పిలిచిన నోటితోనే అంత మర్యాదగా అంది.

అతను దింపాడు. రెండు జతల బూట్లు, క్లబ్బు జెండా, షేవింగ్ డబ్బా, లోపలి బనియన్లు, డ్రాయర్లతో సహా అన్నీ సీటు మీదా రోడ్డు మీదా పరిచాడు. అవసరం లేకపోయినా ఆమె అడుగుదాకా తీయించింది. చుట్టూ ఉన్నవాళ్లు టీ గ్లాసుల వెనక నవ్వు దాచుకున్నారు. రెండేళ్ల క్రితం తన దుకాణంలో నవ్వినవాళ్లే. ఆ నవ్వు ఆమెకు హాయిగా వినిపించింది.

తర్వాత పాత సంచిని అఖిల్ చేతికిచ్చింది. "కుట్టు పట్టుకొని గుంజు నాయనా." అతను గుంజాడు, రాలేదు. ఇంకొకడూ గుంజి చూశాడు. చక్రం వైపు ఉండే పక్కను తిప్పి చూపించింది. టైరు రాసిన నల్లటి మరకలు, చువ్వలు కోసిన చీలికలు. కుట్టులో మాత్రం ఒక్క దారం కూడా లేవలేదు. విజయశ్రీ గార్డును ఎత్తి పట్టుకుంది. "ఇది మా బండిదే. అంచు నేను చుట్టిందే."

అఖిల్ చెయ్యి దానంతటదే మెడ పక్కకు వెళ్లింది. "అన్నా, ఆ దినం గార్డు లేకుండెనా?"

శ్రీపతి భార్య వైపు చూశాడు, ఆమె చూపు తిప్పుకోలేదు. "లేకుండె," అన్నాడు.

"ఇంకొకటున్నది," అంది రత్నమాల.

"కుట్టు ఊడలే," అన్నాడు నేల చూస్తూ.

"నాకు ఒక్కదానికి ఇనిపిస్తే సాలదు. ఆ గుంపుల రాయున్రి, నా పేరు పెట్టి."

అక్కడే నిలబడి ఫోన్‌లో రాశాడు. ఏడు జేబుల్లో ఏడు ఫోన్లు మోగాయి. అప్పుడు స్పానర్ ఇచ్చి, గార్డును అతని చేతనే బిగింపజేసింది. బరువులు సమానం చేసింది. స్టవ్వును వేరే బండికి మార్చింది, బెల్టు కొసలు దోపింది, రెండు చక్కర్లు కొట్టించి మళ్లీ బిగించింది. పని దగ్గర మాత్రం వెంట్రుకవాసి కూడా పగ కలపలేదు. స్పానర్‌ను విజయశ్రీ చేతిసంచిలో వేసి, "మళ్ల ఊడదీస్తడేమో, నీ దగ్గరే ఉంచు," అంది. అఖిల్ తన బండిని అందరికంటే ముందుకు తీసుకెళ్లి నిలబెట్టాడు. శ్రీపతిని వరసలో చివర నిలబడమన్నాడు.

బయల్దేరేముందు శ్రీపతి ఆమె దగ్గరికి వచ్చాడు. "అయిపాయె గద అక్కా. ఆ సంచి నాకిచ్చెయ్, పడేస్త."

"నీ సామాను నీ బండి మీదున్నది," అంది రత్నమాల. "ఇది నాది. రెండేండ్లు నేను మోసిన."

ఇప్పుడు దుకాణంలో మేకు ఖాళీగా ఉంది. సంచి గుమ్మం బయట వేలాడుతోంది, టైరు మరకలు రోడ్డు వైపుకు తిప్పి. కొత్తగా సంచులు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాడూ ఇదేమిటని అడుగుతాడు. రత్నమాల మిషన్ ఆపి మొదటి నుంచి చెబుతుంది, శ్రీపతి పేరు, ఇంటి సందుతో సహా.