కన్నీళ్లంత ఉప్పు

ఈ ఉదయం కూడా కొమ్ముచెంబు వంచగానే గోరువెచ్చని ఉప్పునీరు ఒక ముక్కుపుటంలోకి వెళ్లి రెండోదాంట్లోంచి సన్నగా జారింది. తల లోపల ఎక్కడో తలుపు తెరుచుకున్నట్టయింది. వానకు తడిసిన బొగ్గు బూడిద వాసన వచ్చింది, పక్క క్వార్టరులోంచి పోపు వాసన వచ్చింది. వాటి వెనకే తీరిగ్గా నడిచొచ్చినట్టు సింహాద్రి మావయ్య తలపులోకి వచ్చాడు.

ఆయన గూడ్సు డ్రైవరు, విజయనగరం వైపు మనిషి. నాకు చుట్టమేమీ కాదు. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మన వైపు పెద్దవాళ్లందరూ మాకు మావయ్యలే. ఆయన నడిపే ఆవిరి ఇంజనులో నేను బొగ్గు వేసే ఫైర్‌మన్‌ని. బొగ్గుపొడికి నా ముక్కు ఏనాడో పూడిపోయింది. కనుబొమల మధ్య ఎప్పుడూ బరువు, లోకమంతా మంచుకు అవతల ఉన్నట్టుండేది. జలుబే కదా అని ఊరుకున్నాను. ఒకరోజు ఆయన ఉన్నట్టుండి బండి ఆపి, నన్ను కిందికి దించి ఇరుసు చూపించాడు. నూనె మాడి పొగ వస్తోంది.

"ఇరుసు మాడిపోతంది, నీకు తెలీనేదేటిరా?"

తెలియలేదన్నాను. వాసన తెలియనివాడితో బండి నడపలేనని, దసరాలోపు ముక్కు బాగుపడకపోతే షెడ్డులో బూడిద లాగే పనికి మార్చమని తానే చెబుతానని నెమ్మదిగా అన్నాడు. కోప్పడినా బాగుండేది. ఇంజను దిగడమంటే నాకు ప్రాణం పోవడమే.

మర్నాడు ఇంటికి రమ్మన్నాడు. ముక్కు కడగడానికి వేడినీళ్లు కావాలన్నాడని నేను తెలివిగా ఇంజనులోంచే పట్టుకెళ్లాను. మావాళ్లంతా స్నానానికి అవే తెచ్చుకునేవారు మరి. ఆయన నవ్వి వాటిని కాలవలో పారబోశాడు. బాయిలరు లోపల సున్నపు పెంకు కట్టకుండా వాటిలో మందు కలుపుతారట. అత్తయ్య మంచినీళ్లు మరగకాచి, గోరువెచ్చగా చల్లార్చి ఇత్తడి కొమ్ముచెంబులో పోసింది. ఉప్పు ఎంత వెయ్యాలని మావయ్యని అడిగాను.

"కన్నీళ్లంత. ఎక్కువైతే మండుతాది, తక్కువైతే గుచ్చుతాది. గురుతు నేకపోతే ఓపాలి ఏడ్చి సూడు."

తల పక్కకు వంచి, నోటితో ఊపిరి తీస్తూ డ్యూటీకి వెళ్లేముందు రోజూ పోసుకున్నాను. మొదట్లో ఉక్కిరిబిక్కిరయ్యాను. తరవాత్తరవాత ఆ వెచ్చదనంలో కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉండిపోవాలనిపించేది. అత్తయ్య వేయిస్తున్న మెంతుల వాసన తెలిసిననాడు చిన్నపిల్లాడిలా గెంతాను.

దసరా దగ్గరపడింది. బిలాస్‌పూర్ అవతల కోటా స్టేషను దాటాక, పొలాల మీద ఇంకా మంచు విడవని వేళ, నూనె మాడుతున్న వాసన తగిలింది. మావయ్య వైపు చూశాను. ఆయనకింకా తెలియలేదు. చెప్పాను. బండి ఆపి, దిగి, ఇరుసు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. వేళ్లు ఊదుకుంటూ నావైపు తిరిగాడు.

"ఇంక ఈ బండికి నా ముక్కు అక్కర్నేదురా" అన్నాడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. అర్పా నది ఒడ్డున ఆయన్ని సాగనంపి నడిచి వస్తుంటే చెంపల మీది తడి పెదవి దాకా జారింది. నాలుక దానంతటదే రుచి చూసింది. ఇప్పటికీ చెంబులో ఉప్పు కలిపి ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంటాను. ఆనాటి రుచికి సరిపోయిందో లేదో చూసుకున్నాకే తల వంచుతాను.