నల్లచేవ నాదస్వరానికి అంటిన కారం

ఎనభైల్లో ఒక వేసవిలో, పొదిలి దగ్గర మా ఊళ్ళో, ఇంటి ముందు పందిట్లోనే నా పెళ్ళి జరిగింది. మేళానికి వచ్చిన మస్తాన్ సాయిబు గారి నాదస్వరం వాళ్ళ తాత నాటిది, నిగనిగలాడే నల్లచేవ కర్రతో చేసింది. ఎండకు పగుళ్ళు రాకుండా ఆయన పొద్దున్నే దానికి నూనె పట్టించి, బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళారు.

వంటవాళ్ళకు ఆ బల్ల కావాల్సి వచ్చింది. నాదస్వరాన్ని నేల మీద పెట్టకూడదని మా నాన్న దాన్ని భక్తిగా తీసుకెళ్ళి వసారాలో గోనెసంచుల్లో కుక్కి పెట్టిన మిర్చి టిక్కీల మీద పెట్టాడు. ఆ ఘాటు మా ఇంట్లో ఎవరికీ తెలియదు, అంతగా అలవాటైపోయింది. నూనె కర్రకు అంటిన కారం ఆ నలుపులో సాయిబు గారికీ కనిపించలేదు.

ముహూర్తం దగ్గర పడుతుండగా ఆయన వాయించిన వేళ్ళతోనే మొహం మీది చెమట తుడుచుకున్నారు. అంతే, కళ్ళు మూసుకుపోయి నీళ్ళు ధారగా కారాయి. పీటల మీద పెళ్ళికూతురిగా కూర్చున్న నేను తలెత్తి ఆయన్నే చూశాను. పంతులుగారు చెయ్యెత్తితే ఆయనకు కనపడదు, గట్టిమేళం లేకుండా తాళి కట్టించరు.

"నోటితో చెప్పండి పంతులుగారూ, వాయిస్తాను" అన్నారాయన నెమ్మదిగా.

అలాగే వాయించారు. ఆయన కన్నీళ్ళు చూసి ఆడవాళ్ళంతా కళ్ళొత్తుకున్నారు. నాన్న మాత్రం బిగదీసుకుని నిలబడ్డాడు.

తర్వాత సంగతి తెలిసి నాన్న, "పొరపాటైపోయిందండీ" అన్నాడు.

సాయిబు గారు కళ్ళ మీది తడిగుడ్డ తీసి, "పర్లేదులెండి. మీరు ఏడవాల్సిన ఏడుపు నాచేత ఏడిపించారు" అన్నారు.

నాన్న నవ్వబోయి, కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మిరపకాయల మధ్యే పుట్టి పెరిగిన ఆ మనిషికి కారం వల్ల కళ్ళు చెమర్చడం నేనెప్పుడూ చూడలేదు.