గోడక్క గొంతు

ఫుట్‌బాల్ జట్టులో అందరూ ఆమెను గోడక్క అనేవారు. వెడల్పాటి భుజాలు, పొట్టి జుట్టు, బొంగురు గొంతు. వెనక వరుసలో ఆమె నిలబడిందంటే దాటిపోవడం ఎవరి తరమూ కాదు. వారమంతా బ్యూటీ పార్లర్‌లో పని. పెళ్లికూతుళ్లకు కాటుక దిద్దేటప్పుడు ఆ చెయ్యి కొంచెం కూడా వణికేది కాదు. తనకూ పెదాలకు రంగు వేసుకోవడం ఇష్టమే, మ్యాచ్ రోజున కూడా.

ఒక ఆదివారం వాళ్ల జట్టు ఒక గోల్ ఆధిక్యంలో ఉండగా, అవతలి కోచ్ ఉక్రోషం పట్టలేక మైదానంలోకి వచ్చేశాడు.

“రిఫరీ మేడమ్, ఆ మనిషి అసలు ఆడదేనా? ఆ గొంతేంటి, ఆ ఒడ్డూపొడుగేంటి? ముందు అది తేల్చండి!”

జనంలో ఈలలు. “లిప్‌స్టిక్ పూసుకుంటే సరిపోతుందా?” అని ఎవడో అరిచాడు. రిఫరీ కోచ్‌ని బయటికి పంపి ఆట కొనసాగించింది.

ఇంట్లో సంగతి చెబితే తల్లి తల పట్టుకుంది. “ఎన్నిసార్లు మొత్తుకున్నానే, జుట్టు పెంచుకో, కాస్త మెల్లగా మాట్లాడు అని. వింటేగా!”

“నేను ఆడదాన్ని కాకపోతే, నువ్వు కన్నదెవర్నమ్మా?”

తల్లి నవ్వేసింది, ఆ వెంటనే కళ్లు తుడుచుకుంది.

అమ్మను నవ్వించింది గానీ, ఆ కోచ్ అన్న మాట ఆమెలో ముల్లులా దిగబడింది. పార్లర్ అద్దంలో కస్టమర్ ముఖానికి బదులు తన దవడే కనబడేది. తర్వాతి మ్యాచ్‌లో తన నడక తానే చూసుకుంటూ నడిచింది. నోరు విప్పలేదు. అవతలి పిల్ల ఒకతి ఖాళీ చూసుకుని దూరి గోల్ కొట్టేసింది.

గోల్‌కీపర్ చేతి తొడుగులు నేలకేసి కొట్టింది. “ఏమైందక్కా నీకు? నీ కేక వింటేనే కదా నాకు ఎటు దూకాలో తెలిసేది! మూగనోము పట్టావా?”

“మగాడి గొంతు అంటున్నారే.”

“అననీ. నాకు వినబడే గొంతు కావాలి.”

ఆట మళ్లీ మొదలైంది. బంతి దూసుకొచ్చింది. “ఎడమకి! ఎడమకి!” అని గోడక్క కడుపులోంచి అరిచింది. జనం నవ్వారు. కీపర్ ఎడమకు దూకి బంతిని పొట్టకు హత్తుకుంది.

అయినా ఆ మ్యాచ్ ఓడిపోయారు. ఆ తర్వాత ఆమె జుట్టు పెంచింది, అమ్మ కోసం కొంత, తనకు నచ్చి కొంత. ఉక్క భరించలేక మళ్లీ కత్తిరించేసుకుంది. ఆడినన్నాళ్లూ ఎగతాళి ఆగలేదు, ఆమె అరవడమూ ఆపలేదు.

మోకాలు మొరాయించాక ఆడపిల్లలకు ఆట నేర్పడం మొదలుపెట్టింది. మొదటి రోజు బంతి ముట్టనివ్వదు. మైదానం ఈ చివర ఒకరిని, ఆ చివర ఒకరిని నిలబెట్టి, పేరు పెట్టి గట్టిగా పిలుచుకోమంటుంది. చాలామంది సిగ్గుతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ఆమె దగ్గరికి వెళ్లి, మెల్లగా ఆ చెయ్యి కిందికి దించుతుంది.