దశరథన్న సీటు ఇంకా సెట్ కాలేదు

మా దశరథన్న ఎక్కడైనా కుదురుగా కూర్చోగలడు, తన సొంత మోటారుసైకిల్ మీద తప్ప. పెళ్ళిళ్ళలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి వేసుకుని కూర్చున్నాడంటే, ఒక బంతి లేచి ఇంకో బంతి కూర్చున్నా కదలడు. బండెక్కితే మాత్రం చీమలు కుట్టినట్టు ముందుకు జరుగుతాడు, వెనక్కు జరుగుతాడు, ఒక పక్కకు ఒరుగుతాడు. కాసేపటికి బండి ఆపి, దిగి, దొంగను చూసినట్టు సీటును చూస్తాడు.

"ఇంక సెట్ కాలే, విజేందర్," అంటాడు.

మనిషి భారీ మనిషి. చొక్కా గుడ్డ తీసుకుపోతే రామన్నపేట టైలర్లు ముందు గుడ్డను, తర్వాత ఆయన్ను చూసి, "ఇంకో మీటరు తెస్తవా అన్నా" అంటారు. బండేమో అందరికీ ఉండే బండి. ఆయన కూర్చుంటే ట్యాంకు పొట్ట కింద దాక్కునేది, వెనక నాలుగు వేళ్ళ జాగా మిగిలేది. మా ఇద్దరిదీ ఒకే వాడకట్టు, చౌటుప్పల్ మందుల కంపెనీలో ఒకే షిఫ్టు. అందుకని ఏళ్ళుగా ఆ నాలుగు వేళ్ళ జాగా నాదే.

సీట్లు కుట్టే గుర్వయ్య దుకాణానికి వెళ్ళినన్ని సార్లు దశరథన్న తన అత్తగారింటికి కూడా వెళ్ళి ఉండడు. మొదట స్పాంజి వేయించాడు. ఆయన బరువుకు అది అప్పడమైంది. కొబ్బరి పీచు వేయిస్తే గుచ్చింది. ఆ తర్వాత దూది. ఆ దూది ఎక్కడిదో ఆయన భార్య, మా భాగ్యశ్రీ వదిన, తొందర్లోనే పసిగట్టింది.

"మా తల్లిగారోళ్ళు పెట్టిన పరుపు ఒకదిక్కు పల్చగయింది. ఏమైందంటే ఎలుకలంటడు," అని నా దగ్గర మొరపెట్టుకుంది. "గంత దూది తినే ఎలుకలు మన దిక్కు ఉన్నయా, విజేందర్?"

"ఉన్నయేమో వదినా," అన్నాను. ఆ దూది మీదే రోజూ డ్యూటీకి పోతున్నాను.

ఒకసారి తప్పు సీటుది కాదు, హ్యాండిల్‌ది అని తేల్చాడు. దాన్ని ఎంత ఎత్తు లేపించాడంటే, చేతులు రెండూ పైకెత్తి నడపాల్సి వచ్చేది. ఎదురొచ్చేవాళ్ళు తమనే పలకరిస్తున్నాడనుకుని తిరిగి చెయ్యెత్తేవాళ్ళు. "సర్పంచ్‌గ నిలవడ్తున్నవా ఏందన్నా?" అని ఎవరో అడిగాక హ్యాండిల్ దిగింది.

అన్నిటికన్నా ఘనమైనది ట్రాక్టర్ సీటు. పాత సామాన్ల కొట్లో స్ప్రింగుతో సహా దొరికితే తెచ్చి గుర్వయ్య చేత బిగించాడు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా బండి ముందు దిగేది, ఆయన తర్వాత దిగేవాడు. ఆయన దిగే సమయానికి వెనకున్న నేను పైకి లేచేవాణ్ణి.

"ఎట్లుంది?" అని అడిగాడు.

"అన్నా, నాకు పెండ్లాం పిల్లలున్నరు."

"అంటే ఇంక సెట్ కాలే," అని పీకించేశాడు.

పోయిన వానాకాలం బావి దగ్గర జారిపడి నా కుడికాలు విరిగింది. దవాఖానలో రాడ్ వేశారు. కొన్ని నెలలకు డ్యూటీకి పోవచ్చన్నారు కానీ, కాలు ఒకే తీరుగా ఎక్కువసేపు మడిచి పెట్టొద్దన్నారు. బస్సులో నిలబడలేను, బండి నడపలేను. ఇంకా ఇంట్లోనే ఉంటే కాంట్రాక్టరు నా జాగాలో ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. అలా మళ్ళీ దశరథన్న వెనకాలే చేరాను. నొప్పి సంగతి మాత్రం చెప్పలేదు. ఎక్కించుకుపోవడమే ఎక్కువ, పైగా మధ్యలో ఆపమని కూడా అడగాలా? నొప్పి లేచినప్పుడు ఆయన భుజం గట్టిగా పట్టుకుని పళ్ళు బిగించేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే ఆయన పిచ్చి ముదిరింది. ఊరు దాటామో లేదో ఆపేవాడు. హైవే ఎక్కేముందు బిక్షమ్మ చాయ్ హోటల్ దగ్గర ఆపేవాడు. హైవే ఎక్కాక మళ్ళీ ఆపేవాడు.

"దిగు విజేందర్, జర దిగు. నడుము పట్టింది. సీటు సూడాలె."

ఆయన సీటు మీద గుద్దులు గుద్దుతుంటే నేను అటూ ఇటూ తిరిగేవాణ్ణి. నా పాణమంతా కంపెనీ గేటు మీదే ఉండేది.

"అన్నా, లేటయితే నా కొలువు పోతది."

"ఎందుకు పోతది? గందుకే గద జల్ది బయలెల్లినం."

నిజమే, తెల్లారీ తెల్లారకముందే వచ్చి నా తలుపు కొట్టేవాడు. ఆయన సీటు కోసం నా నిద్ర పాడవుతున్నదని నాకు అదో కోపం.

ఒకరోజు సెలవు పెట్టి, కాలు చూపించుకుని ఆటోలో వస్తూ బిక్షమ్మ హోటల్ దగ్గర చాయ్‌కి ఆగాను.

"పొద్దుగాల మీ అన్న ఆగకుంటనే వోయిండు," అంది బిక్షమ్మ. "నువ్వు లేని దినం ఎన్నడు ఆగడు గద."

సీటు మొత్తానికి కుదిరిందన్నమాట అనుకుని, శుభవార్త చెప్పడానికి గుర్వయ్య దుకాణానికి పోయాను. ఆయన సూది పక్కనపెట్టి నన్ను వింతగా చూశాడు.

"ముందటి సీటు ట్రాక్టర్ సీటు తీసినప్పుడే సెట్టయింది. దాని మీద కూసొని ఈడనే కునుకు తీసిండు గూడ. నీ కాలు ఇరిగినంక చేయించేటియన్ని ఎనక పనులే. ఎనక ఎడల్పు జెయ్యి, మెత్తగ జెయ్యి, కాలు సాపుకునేటట్టు మెట్టు ముందటికి జరుపు అని నా పాణం తీస్తాండు. నీకు జెప్పొద్దన్నడు."

వెనక జాగా పెరిగిన సంగతి నాకూ తెలుసు. అన్న సన్నబడ్డాడనుకున్నాను. సాయంత్రం ఆయన ఇంటి ముందు బండిని చూస్తే అసలు సంగతి తెలిసింది. ఇప్పుడు నాలుగు వేళ్ళ జాగా ముందుంది. నా చెయ్యి భుజం మీద బిగిసినప్పుడల్లా ఆయన నడుము ఎందుకు పట్టేదో కూడా అర్థమైంది. సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువ సంతోషమేసింది.

మర్నాడు ఊరు దాటాక కాలు సలపడం మొదలుపెట్టింది. ఈసారి భుజం పట్టుకోలేదు.

"అన్నా, జర ఆపు. సీటు గుచ్చుతాంది," అన్నాను.

బండి ఆగింది. దశరథన్న దిగి, దొంగను చూసినట్టు సీటును చూశాడు. మొహం వెలిగిపోతోంది.

"సూసినవా? నీకు గూడ గుచ్చుతాంది. ఇన్నొద్దులు నేను జెప్తే ఒక్కడన్న నమ్మిండా?"

"ఇంక సెట్ కాలే అన్నా," అంటూ బండి పక్కనే నిలబడ్డాను.

"మరి నిలవడ్డవేంది? నడువు, నడువు, కాలు పట్టుకపోతది," అన్నాడు. అనేశాక నాలుక కరుచుకుని, నా వైపు చూడకుండా సీటును రెండు గుద్దులు గుద్దాడు.