కొత్తపేట వీధికి ఎన్ని అంగలు

మా వనజకి యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చిందండీ. ఊళ్ళో రోడ్డు ఎంత వెడల్పు ఉండాలి, మురుగుకాలవ ఎటు పోవాలి, సంత ఎక్కడ పెట్టాలి, బడి ఎక్కడ కట్టాలి అని నేర్పే చదువు అది. పట్టణ ప్రణాళిక అంటారు. ఉద్యోగం తాత్కాలికమే, ఒక్క విద్యా సంవత్సరానికి. అయితేనేం, ఎనిమిదో తరగతితో బడి మానేసి, సర్వే శాఖలో కొలత గొలుసు లాగుతూ బతుకంతా గడిపిన చైన్‌మన్‌ని నేను. నా కూతురు యూనివర్సిటీలో నిలబడి పాఠం చెబుతుందంటే సంవత్సరం దాకా ఎందుకు, ఒక్క వారమైనా నాకు పండగే. ఉత్తర్వు కాగితం ఫోన్‌లో చూపిస్తే అక్షరాలు పెద్దవి చేయించుకుని మూడుసార్లు చదివాను.

అమ్మాయికి మాత్రం దిగులు పట్టుకుంది. సోమవారం విశాఖలో మొదటి క్లాసు. “పర్మనెంటు కాని టీచరంటే పిల్లలకి లోకువ నాన్నగారూ. ఆ పిల్లల్లో కొందరు మునిసిపాలిటీల్లో పనిచేసి వచ్చినవాళ్ళు. మొదటిరోజే తేలిపోతే ఇక సంవత్సరమంతా అంతే” అంది. మొదటి పాఠం నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ చింపేసింది. పుస్తకాల్లో ఉన్నవన్నీ పెద్ద పెద్ద నగరాలట, మన వైపు వీధి ఒకటి ఉదాహరణకి కావాలట. “నేను కొలిచిన వీధులు నీకు చూపిస్తాను, పద” అన్నాను. శనివారం మా ప్రయాణానికి కారణం అదీ.

పొద్దున్న ఆరున్నరకి రాజోలులో అమలాపురం బస్సు ఎక్కాం. ఆడవాళ్ళకి ఇప్పుడు బస్సు ఉచితం కదా, కండక్టరు మా అమ్మాయికి సున్నా టికెట్టు ఇచ్చి నా వైపు తిరిగి, “ఖర్చంతా మీదేనండి, మేడం గారు ఉచితమండి” అన్నాడు. “మేడం గారు కాదండి, యూనివర్సిటీ లెక్చరరు గారు” అన్నాను. వనజ మోచేత్తో పొడిచింది. “ఆయ్, మరి ముందే చెప్పొద్దా అండీ, ముందు సీటు ఖాళీ చేయించేవాణ్ణి” అన్నాడాయన. నా టికెట్టు యాభై లోపే అయింది.

పాశర్లపూడి దగ్గర వంతెన మీదికి రాగానే కిటికీలోంచి వైనతేయ గోదావరిని చూశాను. వంతెన లేని రోజుల్లో ఇక్కడ పంటు పడవ మీద దాటేవాళ్ళం. గొలుసు నా భుజాన, ఇనప మేకుల సంచి చేతిలో. వేసవి సెలవుల్లో వనజ కూడా వెంట వచ్చేది. ఎనిమిదేళ్ళ పిల్ల, తనకంటే పొడుగైన వెదురు జెండా పట్టుకుని, ఎండలో చెప్పిన చోట కదలకుండా నిలబడేది. మా సర్వేయరు గారు “బొమ్మలా నిలబడిందయ్యా, దీనికీ జీతం ఇప్పించాలి” అని నవ్వేవారు. ఆ మాట గుర్తు చేస్తే, “జీతం ఇప్పుడొస్తోందిగా నాన్నగారూ” అంది.

ఏడూ ముప్పావుకి అమలాపురంలో దిగి, బస్టాండు దగ్గర పాక హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాం. ఇద్దరికీ కాఫీలతో నూట యాభై దాటలేదు. అట్లు పోసే ఆవిడ, “అల్లం పచ్చడి ఇంకొంచెం వెయ్యమంటారా బాబాయిగారూ, అమ్మాయిగారేంటి తినట్లేదు?” అని అడిగింది. “సోమవారం పాఠం చెప్పాలండి, అదీ భయం” అన్నాను. “పాఠం చెప్పేవాళ్ళకీ భయమేనా? నేను బళ్ళో ఉన్నప్పుడు ఆ సంగతి తెలిస్తే బాగుండేది” అందావిడ. గడియార స్తంభం చుట్టూ గంటసేపు తిరిగాం. వనజ ఫోటోలు తీసుకుంది గానీ ముఖం విప్పారలేదు. తొమ్మిది దాటాక రావులపాలెం బస్సు ఎక్కి, పది దాటాక కొత్తపేటలో దిగాం.

అక్కడి బజారు వీధి నాకు కంఠతా వచ్చు. గొలుసు వేసే ముందు అంగలతో ఉజ్జాయింపుగా చూసుకోవడం మా పద్ధతి. నా అంగ సరిగ్గా రెండున్నర అడుగులు. ఆ వీధి గోడ నుంచి గోడకి పదహారు అంగలు, అంటే నలభై అడుగులు. అమ్మాయి ముందు దర్జాగా లెక్కపెడుతూ బయల్దేరాను. సగంలో ఉండగా ఆటో ఒకటి వచ్చి ఆగింది. “నిదానంగా రండి బాబాయిగారూ, నేనెక్కడికీ పోను” అన్నాడు డ్రైవరు. అవతలి గోడ తాకేసరికి పంతొమ్మిది అంగలు అయ్యాయి.

“చూశావా, ఏడడుగుల పైన వెడల్పు చేశారు” అన్నాను.

ఇత్తడి సామాన్ల కొట్టాయన బయటికి వచ్చారు. “వెడల్పు ఎవరు చేసేరండీ? మా తాతగారు కట్టించిన గోడండి ఇది. ఒక్క ఇటిక కదల్లేదు.”

“నేనే కొలిచేనండి అప్పట్లో. పదహారు అంగలు. ఇప్పుడు పంతొమ్మిది.”

“అయితే ఆ ఎదుటి గోడ నడిచెళ్ళిపోయుంటుందండి. అడిగి చూడండి, ఆయ్.”

వనజ సంచిలోంచి టేపు తీసింది. ముందు కొస నేను పట్టుకున్నాను, చేతికి అలవాటు. సరిగ్గా నలభై అడుగులు. తర్వాత నన్ను గోడ వెంబడి పది అంగలు నడవమని కొలిచింది. పాతిక అడుగులు రావాలి. ఇరవై ఒకటి వచ్చింది.

నాకు సిగ్గేసింది. నా కాలు ఎప్పుడు పొట్టిదయిందో నాకే తెలియదు. తలవంచుకుని నిలబడితే, అమ్మాయి మాత్రం తనూ ఒకసారి వీధి దాటి లెక్కపెట్టుకుని, గబగబా పుస్తకంలో రాసుకుంటోంది. “ఈ వీధి నాకు పదహారు అంగలే నాన్నగారూ. మీకు పంతొమ్మిది. ఆటో ఆయన ఆగేరు కాబట్టి సరిపోయింది. పెద్ద ఊళ్ళో రోడ్డు గీసేవాళ్ళు, దాటేవాళ్ళందరూ పాతికేళ్ళవాళ్ళే అనుకుని గీస్తారు. ఇదే నా మొదటి పాఠం” అంది. అమలాపురంలో బస్సు మారి, మూడు గంటలకి రాజోలులో దిగేసరికి పాఠం పూర్తయింది. దిగుతూ నా చెయ్యి పట్టుకుని, “సోమవారం మీరూ రండి. క్లాసులో ఈ గోడ నుంచి ఆ గోడకి నడవాలి. పిల్లలు లెక్కపెడతారు” అంది.

నేను కొలిచిన ఊళ్ళు అలాగే ఉన్నాయి, కొలిచిన కాలే మారింది. ముందు బాధేసింది, నిజం చెప్పొద్దూ. కానీ ఆ పొట్టి అంగకి యూనివర్సిటీలో పని దొరికిందంటే ఇంతకంటే ఏం కావాలండీ. మీరూ ఈ వైపు వీధులు నడిచి చూడాలనుకుంటే ఒక్క సలహా: ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకెళ్ళి, వాళ్ళని ముందు నడవనిచ్చి మీరు వెనక నడవండి.

ఇక కబురు చెప్పవలసినవాళ్ళు: మురమళ్ళ పెద్దక్కయ్య గారు (ఫోన్‌లో వినపడదు, ఎదురుగా కూర్చుని చెప్పాలి), అప్పనపల్లి బావగారు (తాత్కాలికమేనా అంటారు, అవునండి అనాలి), అంబాజీపేట చెల్లెలు (తనకి చెబితే ఊరంతటికీ చెప్పినట్టే, కాబట్టి ఆఖర్న), వియ్యపురాలు గారు (ముందు మా ఆవిడ చేత చెప్పించాలి), అయినవిల్లి చిన్నాన్నగారు. ఆయనకి ఎనభై ఆరేళ్ళు. వారి అంగ ఎంతో కూడా కొలిచి పంపమంది వనజ.