తంగేడు చెక్క సెంటు, బస్సు సీటు కోటు

మా మురళీధర్ ఒంటి వాసన పట్టుకుని నల్లమలలోంచి ఒక పెద్దపులి అహోబిలం రోడ్డు మీదుగా ఆళ్లగడ్డ బస్టాండు దాకా నడిచి వచ్చింది. నంద్యాల బస్సులో వాడు కూర్చున్న కిటికీ కింద చతికిలబడి, బస్సు కదిలాక ఒక నిట్టూర్పు విడిచి వెనక్కి పోయింది.

సరే, పులి అన్నచోట కుక్క అని దిద్దుకోండి. నాలుగో అయిదో కుక్కలు. కిటికీ కింద చతికిలబడిన మాట మాత్రం నిజం, పక్క సీట్లో నేనే ఉన్నాను. మా ఇద్దరికీ చదువు చెప్పిన కాన్వెంటు సిస్టర్లు అబద్ధమాడితే మోకాళ్ల మీద నిలబెట్టేవాళ్లు. ఈ వయసులో నా మోకాళ్లు ఎందుకు నొస్తున్నాయో డాక్టరుకు అంతుపట్టలేదు గాని, నాకు తెలుసు.

ఇదంతా మొన్న ఆదివారం గుర్తుకొచ్చింది. మురళీధర్, అనసూయల పెళ్లిరోజని వడలకు పిలిస్తే వెళ్లాను. వాళ్ల మనవరాలు సాయిశ్రీ బెంగళూరు నుంచి వచ్చింది. అట్టపెట్టె విప్పి నల్లటి తోలు కోటు బయటికి తీసింది. ఏదో కొత్త సినిమాలో హీరో అచ్చం అలాంటిదే వేసుకున్నాడట. వాళ్ల తాతకు అది తొడిగి, అవ్వ పక్కన నిలబెట్టి ఫొటో తీయాలని ఆ పిల్ల కోరిక. కోటుతోపాటు ఒక చిన్న సీసా కూడా ఉంది.

"కోటు ఒకటే చాలదు తాతా. దీని మీద మల్లెపూల సెంటు కొట్టుకుంటే అంతా పాడైపోతుంది. తోలు కోటుకు తోలు వాసన సెంటే ఉండాల. కొంచెం పొగ, కొంచెం చెక్క, కొంచెం తోలు. చెవి వెనక ఒక్క చుక్క చాలు."

"తోలు వాసనకు సెంటేందే? ఎవరన్నా వింటే నవ్వుతారు" అన్నాడు మురళీధర్, పుట్టి బుద్ధెరిగాక ఆ మాట విననివాడిలా.

నేనూ అనసూయమ్మా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సాయిశ్రీ, ఆ సీసా అట్లా పెట్టి కూర్చో తల్లీ" అన్నాను.

"ఒరే జ్ఞానప్రకాశం, వడలు తిన్యావు గదా, ఇంక ఇంటికి పో" అన్నాడు మురళీధర్.

నేను పోలేదు. ఆ పిల్లకు చెప్పిందే ఇక్కడ మళ్లీ చెబుతున్నాను.

ఎనభైల మొదట్లో మాట. అప్పటికి మాది ఇంకా కర్నూలు జిల్లా. మురళీధర్ నాయన ఈశ్వరయ్యకు ఆళ్లగడ్డలో పచారీ అంగడి ఉండేది. అందులో ఒక పక్కంతా మందు చెక్కలు, వేళ్లు, సాంబ్రాణి. ఆ అంగట్లోకి అడుగుపెడితే ఎండాకాలం మధ్యాహ్నం కూడా చల్లగా అనిపించేది. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్ల షాపు ఉంది. ఆ ముందు నుంచి పోయినప్పుడల్లా ఒకసారి గాలి పీల్చి చూస్తాను. ఏ వాసనా రాదు.

ఒకరోజు ధోవతుల కోసం మురళీధర్ నంద్యాలలో శేషయ్య బట్టల అంగడికి వెళ్లాడు. శేషయ్య కూతురే అనసూయ. అంగడి వెనక గదిలో స్నేహితురాలితో మాట్లాడుతోంది. అప్పుడు నంద్యాల టాకీసులో ఆడుతున్న సినిమాలో హీరో తోలు కోటు వేసుకుని మోటారుసైకిలు మీద వస్తాడు. ఊళ్లో మగపిల్లలంతా తోలులా కనబడే రెక్సిను కోట్లు కుట్టించుకుని తిరుగుతున్నారు.

"ఆయప్ప కోటు కోటు. మనోళ్లవి కోట్లా? పక్కన నిలబడితే బస్సు సీటు వాసన" అని అనసూయ నవ్వింది.

ఆ నవ్వు విని వీడు ధోవతులు అంగట్లోనే మరిచిపోయి వచ్చాడు. పదిరోజులకే పెద్దవాళ్ల మధ్య సంబంధం మాట నడిచింది. శేషయ్య పెళ్లిచూపులకు రమ్మన్నాడు. అప్పటికే మనవాడు బస్సు సీట్లకు కవర్లు కుట్టే రూబెన్ దగ్గర మిగిలిన రెక్సినుతో నల్లకోటు కుట్టించుకుని ఉన్నాడు. ఇంట్లో తెలిస్తే తిడతారని దాన్ని మా ఇంట్లో మేకుకు తగిలించాడు.

"ఒరే, ఇది బస్సు సీటు వాసనే గదరా" అన్నాడు, చంకలో ముక్కు పెట్టి.

"బస్సు సీటే గదా మరి" అన్నాను.

వాడు ఆలోచించాడు. తోళ్లు పదును చేసేవాళ్లు వాళ్ల అంగట్లో తంగేడు చెక్క బస్తాలకు బస్తాలు కొనుక్కుపోయేవాళ్లు. తోలుకు ఆ వాసన సగం తంగేడు వల్లే వస్తుందని వాడి లెక్క. మా పెరట్లో పొయ్యి పెట్టి తంగేడు చెక్క కాచాడు. అందులో పొగాకు రెమ్మ, సాంబ్రాణి, ఆముదం. మొదటిసారి తడిసిన మేక వాసన వచ్చింది. రెండోసారి బీడీల వాసన. మూడోసారి వంటింట్లోంచి మా అమ్మ కేకేసింది: "కొత్త చెప్పులు ఎవురు తెచ్చినార్రా?"

మురళీధర్ నన్ను వాటేసుకున్నాడు. నా చొక్కాకు అంటిన వాసన ఎన్ని ఉతుకులకూ పోలేదు.

పెళ్లిచూపుల రోజు పెద్దవాళ్లు కారులో ముందు వెళ్లారు. కోటుకూ ఒంటికీ ఆ సెంటు పట్టించుకుని వాడు, పక్కన నేను, మేమిద్దరం బస్సులో. కుక్కల సంగతి చెప్పాను కదా. శిరివెళ్ల దాటాక రోడ్డుకు రెండువైపులా తంగేడు పచ్చగా పూసి ఉంది. నెత్తిన నిప్పులు చెరిగే ఎండ. కోటు లోపల వీడు ఉడికిపోతున్నా గుండీ మాత్రం తీయలేదు. నంద్యాలలో దిగాక అక్కడి కుక్కలు అందుకున్నాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. శేషయ్య ఇంట్లో తోలు గడప దాటకూడదు. చెప్పులు, బెల్టు, చివరికి గడియారం పట్టీ అయినా సరే, అరుగు మీద వదిలి లోపలికి పోవాలి. ఈశ్వరయ్య ఇంట్లోనూ అదే ఆచారం. ఆ ఆచారంలో పుట్టి పెరిగిన మురళీధర్‌కు తన కోటు రెక్సినని తెలుసు కాబట్టి నిశ్చింతగా గడప దాటాడు. అది రెక్సినని అవతలివాళ్ల ముక్కుకు ఎట్లా తెలుస్తుందన్నది మాత్రం వాడికి తట్టలేదు.

వాడు కుర్చీలో కూర్చున్నాడు. శేషయ్య ఒకసారి గాలి పీల్చాడు. గుమ్మం బయట తోకలాడిస్తున్న కుక్కలను చూశాడు. వాడి కోటు చూశాడు.

"ఏందప్పా ఈశ్వరయ్యా, పిల్లోనికి తోలు తొడిగి నట్టింట్లోకి తెస్తివి?"

"నాకేం తెలుసప్పా! తెల్లచొక్కా ఏసుకోమని చెప్పి వస్తి. ఒరే మురళీ, యాడిదిరా అది?"

"నువ్వు చెప్పు నాయనా" అన్నాడు శేషయ్య నెమ్మదిగా. "అది తోలా, కాదా? తోలైతే ఈ మాట ఇంతటితో ఆపుకుందాం. మీ మీద నాకు కోపం లేదు."

రెక్సినని ఒక్క మాట అంటే సంబంధం నిలుస్తుంది. కానీ లోపలి గది గుమ్మానికి వేలాడే తెర వెనక గాజులు గలగలమంటున్నాయి. ఆ మాట అంటే ఆ పిల్ల ముందు తను బస్సు సీటునని ఒప్పుకున్నట్టే. మురళీధర్ నా వైపు చూశాడు, తెర వైపు చూశాడు. చెమట ధారగా కారుతోంది.

"తోలే" అన్నాడు.

ఈశ్వరయ్య లేచి కండువా దులుపుకున్నాడు. నేను వాడి జబ్బ పట్టుకుని లేపబోయాను. వాడు లేవలేదు. తల వంచుకుని అట్లాగే కూర్చున్నాడు. అంత పనికిమాలిన అబద్ధం, అంత నిజమైన మొహం పెట్టి చెప్పినవాణ్ని నేను మళ్లీ చూడలేదు.

అప్పుడు తెర వెనక నుంచి మాట వినిపించింది.

"నాయనా, కాల్చి చూడు."

బట్టల వ్యాపారానికి ఆ పరీక్ష కొత్త కాదు. అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటిస్తారు. నూలైతే కాగితంలా కాలుతుంది, పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, కల్తీదైతే ముడుచుకుని పూస కడుతుంది. శేషయ్య కత్తెర తెప్పించాడు. మురళీధర్ రెండు చేతులతో కోటు పట్టుకుని "వద్దు" అన్నాడు.

"తోలైతే నీకు భయమెందుకు నాయనా?"

లోపలి అంచులోంచి వేలెడంత ముక్క కత్తిరించి అంటించాడు. అది చుట్టుకుపోయి, నల్లగా బొట్టు బొట్టుగా కారింది. గదంతా ప్లాస్టిక్కు కంపు.

"రెక్సినే!" అని శేషయ్య చప్పట్లు కొట్టాడు. "కూర్చో ఈశ్వరయ్యా, కాఫీ తాగు. నీ కొడుకు బంగారం."

బంగారం మాత్రం నేలలోకి కుంగిపోతోంది. అనసూయ కాఫీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. వాడి ముందు గ్లాసు పెట్టి, మెల్లగా అడిగింది.

"వాసన యాడ కొంటివి?"

"కొనలేదు. నేనే కాస్తి."

"కుర్చీలో కూచున్నప్పుడే తెలిసె. కిర్రుమనె, అచ్చం బస్సు సీటు మాదిరే" అంది. "వాసన మాత్రం బాగుండాది."

ఆ సాయంత్రమే శేషయ్య ఇంటి నుంచి సరేనని కబురు వచ్చింది. తర్వాత ఆ కోటు చాలా ఏళ్లు మురళీధర్ స్కూటరు సీటుకు తొడుగుగా బతికింది. వాన కురిసినప్పుడల్లా దాన్నుంచి సన్నగా తంగేడు వాసన లేచేది. వాడి వెనక కూర్చుని నంద్యాల పోయేటప్పుడు అనసూయమ్మ ఆ వాసనకే నిద్రపోయేదని నాకు చెప్పింది. ఇప్పుడు ఆ స్కూటరూ లేదు, ఆ టాకీసూ లేదు.

నేను ముగించేసరికి సాయిశ్రీ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. అనసూయమ్మ ఆ కొత్త కోటు తెచ్చి మొగుడి భుజాల మీద వేసింది. కూర్చోబెట్టి, కోటు దగ్గర చెవి పెట్టి వింది. ఇది కిర్రుమనలేదు.

సాయిశ్రీ సీసా మూత తీసి తాత చెవి వెనక ఒక చుక్క వేసింది. మురళీధర్ కళ్లు మూసుకుని పీల్చాడు.

"తంగేడు చెక్క తక్కువాయె" అన్నాడు.

"అంటే ఇదంతా నిజమేనా తాతా?" అని ఆ పిల్ల ఎగిరి గంతేసింది.

మురళీధర్ కళ్లు తెరిచాడు. నన్ను, పెళ్లాన్ని, మనవరాలిని వరుసగా చూశాడు.

"ఏంది నిజం? నాకు కోటూ లేదు, సెంటూ లేదు. పెళ్లిచూపులకు తెల్లచొక్కా ఏసుకుని పోయినా. వీడు ఆ రోజు నంద్యాలకే రాలేదు."